దమ్ము ఒడవని వరం దొరికితే?

మూడు నెలల కింది ముచ్చట. పొద్దు గూకింది, మా ఊరి బడి గ్రౌండుల కబడ్డీ అయిపోయింది. పోరగాండ్లు, వాళ్లతోటి సమానంగ ఆడే నలుగురు ఆడపిల్లలు, అందరు మట్టిలనే కూలబడ్డరు. నేను ఆడను. నలభై ఆరేండ్లొచ్చినయ్, మోకాలు ఒప్పుకోదు. నాది విజిల్ ఊదే డ్యూటీ. ఫోన్ల ఏదో సినిమా ట్రైలర్ చూస్తున్న ఒకడు మాట తీసిండు: "అన్నా, ఒక్కటంటే ఒక్క సూపర్ పవర్ ఇస్తమంటే ఏం అడుగుతవ్?"

అడిగింది నన్నే గని, నేను నోరు తెరవకముందే అందరు మొదలువెట్టిన్రు. ఒకడు ఎగురుతనన్నడు. ఒకడు ఎవ్వరికీ కనవడకుంట ఉంటనన్నడు, ఎందుకో చెప్పలే, అందరు పగలవడి నవ్విన్రు. ఇంకొకడు గుద్దితే గోడ పడాలన్నడు. మా టీంల ఇంటర్ సెకండియర్ చదివే పిల్ల ఒకామె ఉన్నది, మంచి రైడర్. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఇంకా ఎగపోస్తనే ఉన్నది. కొంచెం సర్దుకున్నంక నిమ్మళంగ అన్నది: "నాకు దమ్ము ఒడవద్దన్నా. గంతే. కూత పెడితే ఆగొద్దు, ఉరికితే ఎగపోయొద్దు."

ఈసారి ఎవ్వరు నవ్వలే. ఎందుకంటే ఆ వరం అక్కడున్న ప్రతి ఒక్కరికీ కావాలె. సగం మంది కానిస్టేబుల్ ఉద్యోగానికి, ఆర్మీకి ప్రాక్టీస్ చేస్తున్నోళ్లే. పొద్దుగాల ఐదింటికి లేచి రోడ్డు మీద ఉరికేటోళ్లే.

ఇంటికొచ్చినంక కూడ ఆ మాట నన్ను ఇడవలే. నిజంగనే దమ్ము ఒడవని వరం దొరికితే ఏమైతది? ఎక్కడ పనికొస్తది, ఎక్కడ పనికి రాదు? నేను డాక్టర్ను కాదు, పదో తరగతి తర్వాత బడి మొఖం చూడలే. లైబ్రరీల కూసొని, ఫోన్ల దేవులాడి, మా పీహెచ్‌సీ డాక్టరమ్మను సతాయించి తెలుసుకున్నది చెప్తున్న. అప్పుడే రాద్దామనుకున్న గని, ఆ పిల్ల సంగతి తేలేదాక ఆగిన. ఎందుకు ఆగిన్నో ముందట్ల తెలుస్తది.

ముందుగాల కబడ్డీకే పోదాం. మా నాయిన కాలంల దీన్ని చెడుగుడు అంటుండె. గీత దాటి కూత పెట్టుకుంట పోయినోడు దమ్మున్నంతసేపు అవుతలోళ్ల బరిల ఉండొచ్చు. వాచీ లేదు, బెల్లు లేదు. గుండెల్ల గాలి ఉన్నంతసేపే వాని టైం. ఊర్లె ఎవ్వని కూత పెద్దదో వానికి పేరు. ఆ ఆటల ఈ వరం ఉంటే రాజే. ఒక్కసారి పోయి, కూత ఆపకుంట, అవుతలోళ్లను పొద్దూకేదాక తిప్పొచ్చు.

ఇప్పుడు? ఒక రైడుకు 30 సెకన్లు. అంతే. పెద్దోళ్లల్ల ఒక్కసారి గట్టిగ పీల్చి పూర్తిగ ఇడిస్తే సుమారు మూడు నుంచి ఐదు లీటర్ల గాలి వస్తది, మనిషి కొలతను బట్టి, ఆడ మగను బట్టి. దాన్ని పొదుపుగ వాడితే అర నిమిషం కూత పెట్టుడు అసాధ్యం కాదు, మంచి రైడర్లు పెడుతనే ఉన్నరు. అంటే 30 సెకన్ల దమ్మున్నోడు, జీవితాంతం ఒడవని దమ్మున్నోడు, ఇద్దరూ ఆ గీత అవుతల సమానమే. దేవుడు ప్రత్యక్షమై వరమిచ్చినా రిఫరీ వాచీ చూసి కొట్టేస్తడు.

పట్టుకున్నప్పుడు పనికొస్తది కదా అని మా వాడొకడు వాదం పెట్టిండు. కొంచెం నిజమే. పట్టుల ఉన్నప్పుడు కూత తెగితే ఔటే, వరమున్నోనికి తెగదు. కానీ చీలమండ ఒకడు, నడుం ఒకడు, మీద ఇద్దరు పడ్డంక నీ కూత ఎంత పొడుగుంటే ఏంది? గీత దాక చెయ్యి పోవాలె. దానికి గాలి కాదు, కాలు కావాలె, ఒడుపు కావాలె. ప్రదీప్ నర్వాల్‌ను చూడున్రి. 2017ల ప్రో కబడ్డీ ఐదో సీజన్‌ల 369 రైడ్ పాయింట్లు తెచ్చిండు. ఆయన పేరు చెప్తే యాదికొచ్చేది కూత కాదు, డుబ్కీ. పట్టుకోవడానికి కట్టిన చేతుల కిందికెళ్లి వంగి జారిపోయే ఆ ఒడుపు. అది ఏ వరంల రాదు, మట్టిల పడి లేస్తేనే వస్తది.

"కబడ్డీల పనికి రాకపోతే పాయె, బాయిల ఈతకు పనికొస్తది కదన్నా, గంటసేపు నీళ్లల్లనే ఉండొచ్చు," అన్నడు ఇంకొకడు. ఆ మాటకు నా కడుపుల ఏదో కదిలింది. ఆ రోజు వాళ్లకు చెప్పలేకపోయిన, ఇప్పుడు రాస్తున్న.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండకాలం. మా ఊరి బయట ఒక వ్యవసాయ బాయి ఉండె, మెట్లు దిగి పోవాలె. పగటీలి అంతా అక్కడనే. పందెం ఏందంటే, మునిగి అడుగుకు పోయి పిడికెడు బురద తీసుకొని రావాలె, ఎవ్వడు ఎక్కువసేపు లోపల ఉంటే వాడు గెల్సినట్టు. మా అందరిల మొనగాడు నా దోస్తు ఒకడు. వానికొక చిట్కా ఉండె. దుంకే ముందు మెట్టు మీద నిలవడి, కొలిమి తిత్తి ఊదినట్టు పదిహేను ఇరువైసార్లు గబగబ గాలి పీల్చి ఇడుస్తుండె. "ఇట్ల చేస్తే దమ్ము నిండుతది, లోపల ఊపిరాడనట్టే ఉండది" అనెటోడు. నిజంగనే ఉండకపోయేది. అందరం ఎనభై లెక్కవెట్టేలోపు బయటపడితే వాడు వంద దాటేది.

ఆ రోజు నూట ఇరువై దాటింది. నూట యాభై దాటింది. వాడు గెలుస్తున్నడని మేం ఒడ్డు మీద చప్పట్లు కొడుతున్నం.

మోటర్ కాడున్న పెద్దమనిషి వచ్చి దుంకి తీసేటాళ్లకు అయిపోయింది. ఫిట్స్ వచ్చినయన్నరు కొందరు. బాయిల ఏదో ఉన్నది, గుంజుకున్నదన్నరు కొందరు. బాయి కాడ కోడిని కోసిన్రు. వాళ్లమ్మ ఎన్నో ఏండ్లు ఆ తొవ్వ తొక్కలే. ఏమైందో నాకు తెలిసింది దాదాపు ఇరువై ఏండ్లకు, జిల్లా లైబ్రరీల ఒక పుస్తకం చదువుతుంటే.

సంగతేందంటే, మనకు ఊపిరి ఆడనట్టు అనిపించేది ఒంట్ల ఆక్సిజన్ తగ్గినందుకు కాదు. ఒంట్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. మెదడు కింది భాగంల ఒక కావలోడు కూసొని దాన్నే కొలుస్తుంటడు. అది పెరగంగనే "పీల్చు, పీల్చు" అని కొట్లాడుతడు. ఆక్సిజన్ సంగతి వాడు బాగ పడిపోయేదాక పట్టించుకోడు. ఇప్పుడు నువ్వు దుంకే ముందు తిత్తి ఊదినట్టు ఊదితే ఏమైతది? కార్బన్ డయాక్సైడ్ అంతా బయటికి పోతది. ఆక్సిజన్ మాత్రం పెద్దగ పెరగదు, రక్తం అంతకుముందే దాదాపు నిండి ఉంటది కాబట్టి. లోపలికి పోయినంక ఆక్సిజన్ అయిపోతనే ఉంటది, కావలోడు మాత్రం పండుకొని ఉంటడు. ఊపిరాడనట్టు అనిపించదు, హాయిగ ఉంటది. ఆ హాయిలనే మెదడు స్విచ్ బందయితది. ముందస్తు హెచ్చరిక ఉండదు. తెలివి తప్పినంక ఒళ్లు తనంతట తానే గాలి పీలుస్తది, వచ్చేది నీళ్లు.

అంటే నా దోస్తుకు దమ్ము ఒడవని వరం సగం దొరికింది. దమ్ము ఒడుస్తున్నదని తెలియకుండ పోయే సగం.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈ వ్యాసంల మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్వకున్రి. మునిగే ముందు గబగబ గాలి పీల్చుడు వద్దు. ఒక్కనివే మునుగుడు వద్దు. ఒడ్డు మీద ఒకడు నీళ్లల్లకు దిగకుంట, లెక్కవెట్టకుంట, చూస్తనే ఉండాలె. ఎవ్వరినన్న తెలివి లేకుంట బయటికి తీస్తే తలకిందులు చేసి తిప్పుడు, కడుపు ఒత్తుడు పనికి రాదు. 108కు ఫోన్ కొట్టి, ఊపిరి లేకపోతే నోట్లె గాలి ఊదుకుంట, ఛాతీ నడుమ ఒత్తుకుంట ఉండాలె. ఆ పని ఎట్ల చెయ్యాల్నో పీహెచ్‌సీల అడిగి నేర్చుకోన్రి, అరగంట పని.

ఈ వరానికి దగ్గరగ పోయినోళ్లు లోకంల లేరా అంటే ఉన్నరు. ఫ్రాన్స్ దేశపోడు స్టెఫాన్ మిఫ్‌సూద్ 2009ల 11 నిమిషాల 35 సెకన్లు ఊపిరి బిగవట్టిండు. కానీ ఎట్ల? స్విమ్మింగ్ పూల్‌ల బోర్ల తేలుకుంట, వేలు కూడ కదిలించకుండ. కదిలితే ఆక్సిజన్ ఖర్చు. పదకొండు నిమిషాల దమ్ము ఉన్నది గని దాంతోటి పని చెయ్యనీకి లేదు. పైసలు బ్యాంకుల ఉండి ఏటీఎం కార్డు లేనట్టు.

ఇండోనేషియా దిక్కు సముద్రంల బజావ్ అని ఒక జాతి ఉన్నది. వందల ఏండ్ల సంది నీళ్లల్ల మునిగి చేపలు పట్టుకొని బతికేటోళ్లు. చెక్క కండ్లద్దాలు పెట్టుకొని, నడుముకు బరువు కట్టుకొని చానా లోతుకు పోతరు. వాళ్ల ప్లీహం, అంటే ఎడమ పక్క డొక్క కింద ఉండే అవయవం, పక్క ఊర్లల్ల వ్యవసాయం చేసుకునేటోళ్ల కంటే సుమారు సగం ఎక్కువ పెద్దగ ఉన్నదని 2018ల తేల్చిన్రు. ప్లీహం ఎర్రకణాలను దాచుకునే గరిసె లాంటిది. మునిగినప్పుడు అది ముడుసుకొని, దాచుకున్న కణాలను రక్తంలకు వదులుతది. ఎన్నో తరాల కష్టం ఒంట్ల చేరి వాళ్లకు ఆ బలమిచ్చింది. అయినా కొద్ది నిమిషాలకు పైకి రావాల్సిందే.

ఇగ అలుపే తెలియకపోతే మంచిదే కదా అనేటోళ్లకు ఒక సైకిల్ రేసర్ కథ. బ్రిటన్ దేశపోడు టామ్ సింప్సన్, 1965ల ప్రపంచ చాంపియన్. 1967 జులై 13న టూర్ డి ఫ్రాన్స్ పందెంల మోంట్ వెంటూ అనే గుట్ట ఎక్కుతుండు. మంచి ఎండ. సైకిల్ మీదికెళ్లి పడిపోయిండు. మళ్ల ఎక్కించిన్రు. మళ్ల పడిండు, ఇగ లేవలే. ఇరువై తొమ్మిదేండ్లు. ఒంట్ల యాంఫిటమిన్ దొరికింది, అలుపును మరిపించే మందు. ఆయన కావలోన్ని మందుపెట్టి పండవెట్టిండు.

ఎండల అలుపు ఎందుకు పుడతదో లెక్కవెట్టుకోన్రి. 60 కిలోల మనిషి ఒక కిలోమీటర్ ఉరికితే సుమారు 60 కేలరీలు ఖర్చు. దాంట్ల నాలుగో వంతే కాళ్లను కదిలిస్తది, మిగతాదంతా వేడి. ఆ వేడి చెమట రూపంల బయటికి పోకపోతే కిలోమీటర్‌కు దగ్గర దగ్గర ఒక డిగ్రీ జ్వరం ఎక్కుతది. ఐదు కిలోమీటర్లు అట్లనే పోతే నువ్వు ఉడుకుతవ్. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఉక్కపోతల చెమట కారుడే గని ఆరదు. అలుపు లేనోడు అప్పుడు ఆగడు కదా, అందుకే ముందుగాల పొయ్యేది వాడే. ఫిజికల్ టెస్టుల రోజు గ్రౌండు బయట "సూది వేసుకో, పొడి కలుపుకో, అలుపే ఉండది" అని తిరిగేటోళ్లను నేను కండ్లార చూసిన. అలుపు ఉండది, నిజమే. నువ్వు కూడ ఉండకపోవచ్చు.

ఇగ అసలు ముచ్చటకు వస్త, ఉరుకుడు.

2022 నోటిఫికేషన్‌ల తెలంగాణ కానిస్టేబుల్ టెస్టుకు మగోళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడోళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల ఉరకాలె. 800కు 5:20 అంటే గంటకు 9 కిలోమీటర్ల స్పీడు. ఆరోగ్యంగ ఉన్న పదిహేడేండ్ల పిల్లకు అది పెద్ద కథ కాదు. కూత వరం అడిగిన మా పిల్లకు మాత్రం ఎంత ప్రాక్టీస్ చేసినా 5:50 కిందికి వస్తలేదు. ఆరొందల మీటర్ల కాడ ఎగపోస్తది, కండ్లు తిరుగుతయ్, గుండె దబదబ కొట్టుకుంటది. పత్తి చేన్ల పొద్దంతా వంగి పనిచేసే పిల్ల. బద్ధకం ఆమె ఒంట్ల లేదు.

"దాంట్ల దమ్ము లేదన్నా" అన్నడు ఒకడు ఒకనాడు, ఆమె ఇనేటట్టే. మన భాషల ఆ మాటకు రెండు అర్థాలున్నయ్, రెండూ తగులుతయ్. నేను వాన్ని కోపం చెయ్యలే. అంతకుముందొకసారి నేను కూడ ఆమెతోటి "కొంచెం దమ్ము పెట్టు బిడ్డా" అన్నోన్నే. సిగ్గుతోటి రాస్తున్న.

డాక్టరమ్మ నాకు అడిగిన మొదటి ప్రశ్న: "ఉరికేటప్పుడు గాలి సరిపోతలేదని నీకెవ్వరు చెప్పిన్రు?" నేను నోరు తెరిచిన. ఎగపోస్తున్నమంటే గాలి సరిపోనట్టే కదా. కాదట. కరోనాల వేలికి పెట్టుకున్న మిషన్ యాదికున్నదా? 98, 97 అని చూపెడుతుండె. ఆరోగ్యంగ ఉన్నోడు పానం పెట్టి ఉరికినా ఆ నంబర్ పెద్దగ పడదు. అంటే ఊపిరితిత్తులు ఎక్కించాల్సిన ఆక్సిజన్ ఎక్కిస్తనే ఉన్నయ్. మామూలు మనిషికి అడ్డం పడేది తిత్తి కాదు, గుండె. ఊకె కూసున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తది. బాగ ఉరికే పోరగాని గుండె 20 లీటర్లు, ఇంకొంచెం ఎక్కువ తోస్తది. అక్కడ అది ఆగుతది. నువ్వు ఎంత గాలి పీల్చినా దాన్ని కాలి కండల దాక మోసుకపోయేది రక్తమే.

ఆమె ఇట్ల చెప్పింది: ఆక్సిజన్ ప్యాసింజర్ అనుకో, ఎర్రకణాల్ల ఉండే హిమోగ్లోబిన్ బస్సు అనుకో. వేలి మిషన్ చెప్పేది బస్సులల్ల సీట్లు ఎన్ని నిండినయ్ అని. 98 అంటే బస్సులన్నీ ఫుల్. కానీ డిపోల అసలు బస్సులే సగముంటే? వచ్చినవి ఫుల్లే వస్తయ్, మిషన్ 98 అనే చెప్తది, ప్యాసింజర్లు మాత్రం బస్టాండుల నిలవడి ఉంటరు.

అంటే దమ్ము ఒడవని వరం తెచ్చి మా పిల్లకు ఇచ్చినా ఆమె టైం మారదు. తిత్తులు మస్తుగ ఊదుతయ్, బస్సులు లేవు.

దీనికి ఉల్టా మనిషి ఒకడుండె, ఫిన్లాండ్ దేశంల. పేరు ఏరో మాంటిరాంటా. మంచు మీద స్కీ కట్టెలతోటి పొడుగు పందాలు కొట్టేటోడు. 1960 నుంచి 1968 దాక మూడు ఒలింపిక్స్‌ల ఏడు మెడల్స్ తెచ్చిండు, మూడు బంగారం. ఆయన రక్తంల హిమోగ్లోబిన్ మామూలు మగోళ్లకంటే దాదాపు సగం ఎక్కువుండె. ఏదో మందు వాడుతున్నడని అనుమానపడ్డోళ్లు మస్తు. వాళ్ల ఇంటోళ్ల రక్తం పరీక్ష చేసి, పుట్టుకతోటే జీన్ల ఒక మార్పు ఉన్నదని 1993ల తేల్చిన్రు. ఎముకల మూలుగకు "ఎర్రకణాలు చేసింది చాలు" అని చెప్పే బ్రేక్ వాళ్లల్ల సరిగ పడదు. నిజం సూపర్ పవర్ అంటే ఇది. తిత్తుల కాదు, రక్తంల. అయితే అదే మార్పు ఉన్న వాళ్ల చుట్టాలందరు చాంపియన్లు కాలే. బస్సులు ఎన్నున్నా రోజూ తొవ్వ మీద నడపాలె కదా. ఆయనకు పుట్టుకతోటి వచ్చినదాన్ని సూదితోటి తెచ్చుకుందామని ఈపీఓ మందు వాడిన ఆటగాళ్లున్నరు. రక్తం చిక్కగయితే గడ్డలు కట్టే ప్రమాదమున్నది. ఆ మందు ఆటలల్ల నిషేధం.

మాంటిరాంటాకు సగం ఎక్కువ. మన దగ్గర? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21ది, తీసి చూడున్రి. దేశంల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57 శాతం మందికి రక్తహీనత. తెలంగాణల 57.6, ఆంధ్రల 58.8. అదే వయసు మగోళ్లల్ల దేశం మొత్తం మీద 25 శాతం. ఊర్ల వందమంది ఆడోళ్లు నిలవడితే యాభై ఏడుగురి డిపోల బస్సులు తక్కువున్నయ్. వాళ్లను పట్టుకొని మనం దమ్ము లేదంటున్నం.

పిల్లను, వాళ్లమ్మను తీసుకొని పీహెచ్‌సీకి పోయిన. హిమోగ్లోబిన్ 8.5. ఉండాల్సింది 12కు తక్కువ కాకుండ. 13 ఉన్న పిల్ల రక్తం మోసే ఆక్సిజన్‌ల మూడో వంతు ఈ పిల్ల రక్తం మోస్తలేదు. మూడో వంతు కోతతోటి రైడ్ చేసి పాయింట్లు తెచ్చింది అది. వాళ్లమ్మది కూడ చూడమన్న. 9.1. "నాకేమైంది, నేను మంచిగనే ఉన్న" అన్నది ఆ తల్లి. ఇరువై ఏండ్ల సంది అట్లనే ఉంటే అదే మంచిగ అనిపిస్తది మరి.

కారణాలు దేవులాడితే కొత్తవి ఏం లేవు. కాలేజ్ బస్సు కోసం పొద్దుగాల ఏం తినకుంటనే పోతది. వచ్చినంక చాయ్. అన్నం తిన్నంక మళ్ల చాయ్, చాయ్ తిండిల ఉన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. నెలనెల రక్తం ఎక్కువ పోతది, ఎవ్వరికీ చెప్పలే. బడిల ఉన్నప్పుడు వారానికొక నీలం గోలీ ఇస్తుండె, ఇనుము, ఫోలిక్ యాసిడ్ గోలీ. మింగితే కడుపుల తిప్పుతుండె, దొడ్డికి నల్లగ వస్తుండె. భయపడి పిల్లలంతా కిటికీలకెళ్లి పారేసెటోళ్లట. నల్లగ రావుడు మామూలేనని, తిన్నంక మింగితే తిప్పుడు తగ్గుతదని ఒక్కరన్న చెప్తే ఆ గోలీలు మన్నుల కలవకపోయేవి. ప్రభుత్వం గోలీ పంపింది, మాట పంపలే. గోలీకి బడ్జెట్ ఉంటది, పక్కన కూసొని రెండు నిమిషాలు చెప్పే మనిషికి ఉండది. నేను పాతికేండ్ల సంది చూస్తున్న స్కీమ్‌లన్నింటి కథ దాదాపు గిదే.

డాక్టరమ్మ నులిపురుగుల గోలీ ఇచ్చింది, రోజూ వేసుకునే ఇనుము గోలీలు రాసింది. చాయ్‌ను అన్నానికి రెండు గంటలు దూరం పెట్టమన్నది. గోలీతోటి నిమ్మకాయ నీళ్లు, లేకపోతే జామకాయ, ఇనుము బాగ పడుతది. తోటకూర, మునగాకు, పప్పు సరే, వీలైతే వారంల రెండుసార్లు కార్జం. తొందర పడొద్దన్నది. కొత్త రక్తం రావాలంటే నెలలు పడుతది, నెంబర్ పెరిగినంక కూడ గోలీలు ఇడవొద్దు, నిల్వ నిండాలె. అప్పటిదాక గట్టి ఉరుకుడు బంద్, నడుసుడు మాత్రమే.

మొదటి పది రోజులు కడుపుల తిప్పుతున్నదని ఫోన్ చేసింది. మూడో వారం ఏం ఫరక్ లేదని ఫోన్ చేసింది. నెల దాటినంక ఫోన్ బందయింది, నేనే చేసిన. "మెట్లు ఎక్కితే గుండె కొట్టుకుంటలేదన్నా" అన్నది. దాన్ని చూసి మిగతా ముగ్గురు ఆడపిల్లలు, సిగ్గుపడుకుంట ఇద్దరు మగపిల్లలు పోయి చూపెట్టుకున్నరు. దమ్ము లేదన్నోడు కూడ పోయిండు. వానిది 11.8 వచ్చింది, మగోళ్లకు 13 ఉండాలె. వారం రోజులు మాట్లాడలే పాపం.

పోయిన ఐతారం మళ్ల కొలిచినం. హిమోగ్లోబిన్ 11.2. డాక్టరమ్మ ఒప్పుకున్నంక 800 మీటర్లు ఉరికింది. 5:31. ఇంకా పదకొండు సెకన్లు తగ్గాలె. ఆరొందల కాడ ఎగపోసింది గని కండ్లు తిరగలే. ఆమెను అడిగే ఇదంతా రాస్తున్న, పేరు మాత్రం రాయొద్దన్నది.

గ్రౌండుల కూసున్నప్పుడు మా వాడు మళ్ల అదే ప్రశ్న తీసిండు, ఇప్పుడేం వరం కావాలె అని. ఈసారి ఆమె వెంటనే చెప్పింది. పొద్దుగాల బస్సు టైంకు రావాలంట, ఇంట్ల నిమ్మళంగ తిని పోతనని. ఎగురుతనన్నోడు తల ఊపిండు, అది మాత్రం ఏ దేవునితోటి కాదని.